పత్తి చేలో గులాబీ పురుగు - పాల సంఘానికి దానితో ఏమి పని?

(చీపురుపల్లిలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము చెప్పబోయే విషయం విని కొందరు నవ్వుకోవచ్చును. పాల సంఘం మీటింగుకు వచ్చి పత్తి పురుగు గురించి చెబుతారేమిటి అని. కిందటి నెల ఆడిట్ పని మీద ఒక సంఘానికి వెళ్ళినప్పుడు ఒక సభ్యుని పాసు పుస్తకం మా కంట పడింది. ఇద్దరు గేదెల రైతు. పదిహేను రోజులకు ఒకమారు వచ్చే పాల బిల్లులో సగానికి పైగా పురుగుమందుల కొట్టు బాకీకి పోతున్నది. గేదెలకు దాణా అప్పు తెచ్చి పెడుతున్నాడు. "ఏటి బాబూ ఇది?" అని అడిగితే, "మెట్టు మీద రెండెకరాలు పత్తేసినానండి. పురుగు సావని ఇత్తనం అన్నారు, పురుక్కే ఏటీ అవనేదు" అన్నాడు. పురుగును చంపే విత్తనం అనబోయి పురుగు చావని విత్తనం అనేశాడు. కాని ఆ మాటే నిజమై కూర్చున్నది.

మన చీపురుపల్లి చుట్టుపట్ల పత్తి తక్కువే. వరి, గోగు, మొక్కజొన్న, నువ్వులు మనవి. పత్తి రాజాం, రామభద్రపురం వైపు ఎక్కువ. అయినా మన గేదె ముందు పెట్టే పత్తిచెక్క పత్తి చేలోనుంచే వస్తున్నది గదా. చేను చెడితే చెక్క చెడుతుంది. చెక్క చెడితే పాలు ఏమవుతాయో తరువాత మనవి చేస్తాము. ముందు పురుగుకు ఆ బలం ఎలా వచ్చిందో చూద్దాము.

మీకు బాగా తెలిసిన పిడుదులతో మొదలుపెడతాము. ఆవుకు పిడుదులు పట్టాయి. మందుల షాపువాడు ఇచ్చిన సైపర్‌మెత్రిన్ నీళ్ళలో కలిపి పూశారు. మొదటి ఏడు పిడుదులన్నీ రాలిపోయాయి. రెండో ఏడు కొన్ని నిలిచాయి. మూడో ఏడు మందు రెట్టింపు పోసినా పొదుగు దగ్గర, చెవి లోపల పట్టుకుని వేలాడుతూనే ఉన్నాయి. అప్పుడు మనం "మందు నకిలీ" అంటాము. నకిలీ కావచ్చును, కాకపోనూ వచ్చును. మన దేశంలో చాలా చోట్ల పశువుల పిడుదులు ఈ జాతి మందులకు లొంగటం లేదని పశువైద్య పరిశోధకులు పరీక్ష చేసి చెప్పారు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం తీసివేయాలి. పిడుదు మందుకు "అలవాటు పడింది" అంటాము, తాగుబోతు సారాకు అలవాటు పడినట్లు. అది అలా కాదు. వెయ్యి పిడుదులలో ఏదో ఒకదానికి పుట్టుకతోనే ఆ మందు పని చేయని తేడా ఉంటుంది. మందు కొట్టక ముందు కూడా అది అక్కడే ఉన్నది. మనం తొమ్మిదివందల తొంభై తొమ్మిదిని చంపాము. మిగిలిన ఒక్కటి పిల్లలు పెట్టింది. మరుసటి ఏడు ఆవు మీద ఉన్నవన్నీ దాని సంతానమే. మంచి కోడెను ఏరుకుని దూడలు పుట్టించి మంద బాగుచేసుకుంటాము గదా, అదే పని పిడుదుల మందలో మనకు తెలియకుండా మనమే చేశాము. చావనివాటిని ఏరి, వాటితోనే సంతతి పెంచాము.

పత్తి పురుగు విషయంలోనూ జరిగినది ఇదే, కాకపోతే అక్కడ మందు డబ్బాలో లేదు, మొక్కలోనే ఉన్నది.

బీటీ అనే మాట మీరందరూ విన్నారు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి పేరు అది. 1901లో జపానులో ఇషివాటా అనే ఆయన పట్టుపురుగులు చచ్చిపోతుంటే కారణం వెతికి దీనిని చూశాడు. 1911లో జర్మనీలోని తురింజియా ప్రాంతంలో బెర్లినర్ అనే శాస్త్రజ్ఞుడు పిండిపురుగులో దీనినే చూసి ఆ ప్రాంతం పేరు పెట్టాడు. ఈ సూక్ష్మజీవి పలుకు వంటి ఒక మాంసకృత్తు తయారు చేస్తుంది. గొంగళిపురుగు దానిని తింటే, దాని పేగులో ఉండే క్షారపు రసంలో ఆ పలుకు కరుగుతుంది. కరిగిన ముక్క పేగు గోడ మీద ఉండే ఒక ప్రత్యేకమైన కొక్కేనికి తగులుకుంటుంది. తగులుకుని గోడకు చిల్లులు పెడుతుంది. పురుగు మేత మాని చస్తుంది. ఆ మాంసకృత్తు తయారుచేసే జన్యువును తీసి పత్తి మొక్కలో పెట్టారు. అప్పటినుంచి ఆకు, మొగ్గ, కాయ అన్నిటా ఆ విషం ఉంటుంది.

మన గేదె కడుపు వేరు. అక్కడ అసలు జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది, ఆ కొక్కెం ఉండదు. ఇతర మాంసకృత్తుల మాదిరిగానే అదీ జీర్ణమైపోతుంది. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధనా సంస్థవారు పాలిచ్చే ఆవులకు ఈ పత్తిగింజ మేపి చూశారు. మేతలో, పాల దిగుబడిలో, వెన్నలో తేడా కనబడలేదు. కనుక "బీటీ చెక్క పెడితే పాలలోకి విషం వస్తుందా" అని పోయిన మీటింగులో అడిగిన అమ్మగారికి మా జవాబు, ఆ కారణం చేత భయపడవద్దు. భయపడవలసిన కారణం ఇంకొకటి ఉన్నది, దానికి వస్తాము.

కొక్కెం గురించి చెప్పాము గదా. కథ అంతా అందులోనే ఉన్నది. కొన్ని పురుగులకు పుట్టుకతోనే ఆ కొక్కెం వంకరగా ఉంటుంది. విషం తగులుకోదు. అది ఎంత తిన్నా జారిపోతుంది. తాళం మార్చిన ఇంటికి పాత తాళంచెవి తెచ్చినట్లే. గులాబీ పురుగులో మొదటి రకం విషానికి ఒక కొక్కెం, రెండో రకం విషానికి వేరొకటి పాడైనట్లు శాస్త్రజ్ఞులు జన్యువులు పరీక్షించి గుర్తించారు.

మన రాష్ట్రంలో పత్తి రైతు పురుగు దెబ్బ తినటం బీటీతో మొదలు కాలేదు. 1980 ప్రాంతంలో పైరిత్రాయిడ్ మందులు వచ్చినప్పుడు వాటిని అమృతం అన్నారు. వారం వారం కొట్టారు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగలేదు. అప్పుల పాలైన పత్తి రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి, 1997-98లో, వరంగల్ వైపు పొగాకు లద్దెపురుగు వచ్చి అదే ఘోరం ఇంకా పెద్దదిగా జరిగింది. ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, బీటీ విత్తనం వచ్చినప్పుడు రైతు ఎందుకంత ఆశపడి తీసుకున్నాడో అర్థం కావాలి. దురాశ కాదు. మందు డబ్బా నుంచి తప్పించుకునే దారి దొరికిందనుకున్నాడు.

2002 మార్చిలో మన దేశంలో మూడు బీటీ హైబ్రిడ్ రకాలకు అనుమతి వచ్చింది. ఒకటే విషం ఉన్న విత్తనం అది. 450 గ్రాముల పొట్లం పదహారు వందల రూపాయల పైచిలుకు. ఇంత ధర అన్యాయమని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2006లో గుత్తాధిపత్య వ్యాపారాల కమిషను ముందుకు వెళ్ళింది. ఆ తరువాత పొట్లం ధర 750కి దిగింది. ఆ సంవత్సరమే రెండు విషాలున్న రెండో రకం వచ్చింది. మొదట్లో శనగపచ్చ పురుగు నిజంగా తగ్గింది, మందుల పిచికారీ తగ్గింది. దానిని కాదనలేము. పది పన్నెండేళ్ళలో దేశంలో పత్తి భూమి నూటికి తొంభై పాళ్ళకు పైగా బీటీ అయిపోయింది. ఆ తొంభై పాళ్ళు అనే మాట దగ్గరే ఇబ్బంది ఉన్నది.

గులాబీ పురుగు కొత్త పురుగు కాదు. 1842లో గుజరాత్‌లోని బ్రోచ్ పత్తి తోటల నుంచి పంపిన పురుగులను చూసే దీనికి మొదటిసారి శాస్త్రీయంగా పేరు పెట్టారు. అదే గుజరాత్‌లో 2008లో సేకరించిన గులాబీ పురుగులు మొదటి రకం విషానికి చావలేదు. ఈ సంగతి 2010లో విత్తన కంపెనీ కూడా ఒప్పుకున్నది. రెండు విషాల విత్తనం ఉన్నది గదా అని ధైర్యం చెప్పారు. 2014-15 నాటికి దాని మీద కూడా గులాబీ పురుగు బతకటం గుజరాత్‌లోనే బయటపడింది. ఆ మీదట మహారాష్ట్ర, తెలంగాణ, మన ఆంధ్ర. 2017లో కాయలు విప్పి చూస్తే లోపల గులాబీ రంగు పురుగు, చుట్టూ నల్లబడిన దూది. 2021లో పంజాబుకు కూడా చేరింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థవారు ఏటా వివిధ జిల్లాల నుంచి పురుగులు తెప్పించి పరీక్షించి, రెండు విషాలకూ లొంగని స్థితి దేశంలో ఎలా పాకిందో లెక్కలతో చూపించారు.

అయితే అదే చేలో అదే విషం తిన్న శనగపచ్చ పురుగు అంత త్వరగా మొండికెత్తలేదు. గులాబీ పురుగే ఎందుకు?

శనగపచ్చ పురుగు అన్నీ తింటుంది. కంది, శనగ, టమాట, మొక్కజొన్న, అన్నిటి మీదా బతుకుతుంది. ఆ పంటలలో బీటీ లేదు. అక్కడ పెరిగిన మెత్తని పురుగులు, అంటే విషానికి చచ్చే జాతి పురుగులు, లక్షల్లో ఉంటాయి. పత్తి చేలో చావక మిగిలిన ఒకటి అరా మొండి రెక్కలపురుగు జత కోసం వెతికితే దానికి దొరికేది ఆ మెత్తనివే. పిల్లలకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి లక్షణం వస్తుంది. ఒకటి మొండి, ఒకటి మెత్తన. ఈ విషయంలో ఒక్క మొండి లక్షణం చాలదు, రెండు వైపులా మొండి అయితేనే బతుకుతుంది. కనుక ఆ పిల్లలు మళ్ళీ పత్తి తింటే చస్తాయి.

గులాబీ పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగ్గ వేరే తిండి లేదు. ఉన్న పత్తి అంతా బీటీ. మెత్తనివన్నీ చచ్చాయి. మిగిలిన మొండివి మొండివాటితోనే జతకట్టాయి. లెక్క వేసి చూడండి. వెయ్యి లక్షణాలలో ఒకటి మొండిదైతే, రెండు వైపులా మొండిగా పుట్టే పురుగు పది లక్షలకు ఒకటి. పది లక్షలకు ఒకటి అంటే భయం లేదనిపిస్తుంది. కాని మెత్తనివి మిగలకపోతే రెండో తరంలో అవే అన్నీ. గులాబీ పురుగు ఒక పంటకాలంలో నాలుగైదు తరాలు తిరుగుతుంది.

దీనికి తోడు మన దేశపు విత్తనంలో ఒక చిక్కు ఉన్నది. మనవి హైబ్రిడ్ విత్తనాలు. పాడి రైతులకు ఇది చెప్పటం సులభం. జెర్సీ కోడెకు, దేశవాళీ ఆవుకు పుట్టిన పెయ్యలన్నీ సగం సగం. ఆ సగం సగం వాటినే మళ్ళీ ఒకదానితో ఒకటి కలిపితే పుట్టే దూడలు ఒక తీరుగా ఉండవు. కొన్ని ఇటు, కొన్ని అటు. హైబ్రిడ్ మొక్క సగం సగం పెయ్య వంటిది. మొక్క అంతటా రెండు విషాలూ ఉంటాయి గాని, దాని కాయలోని గింజలు దాని పిల్లలు గదా, అవి చీలిపోతాయి. పదహారు గింజలు తీస్తే తొమ్మిదింటిలో రెండు విషాలూ ఉంటాయి, మూడింటిలో మొదటిది మాత్రమే, మూడింటిలో రెండవది మాత్రమే, ఒకదానిలో ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది సరిగ్గా ఆ గింజనే. ఒక కాయలో పాతిక ముప్పై గింజలు. అర మొండి పురుగుకు కూడా అందులో బతికే దారి దొరుకుతుంది. అంటే పొదుగువాపుకు అయిదు రోజులు వేయవలసిన ఇంజక్షను రెండు రోజులు వేసి మానేసినట్లే. క్రిములలో గట్టివి మిగిలిపోయి మరుసారి ఆ మందే పనిచేయదు. పశువుల డాక్టరుగారు మీకు వందసార్లు చెప్పిన మాటే ఇది.

ఇంకొకటి పంట కాలం. ఈ హైబ్రిడ్లు ఆరు ఏడు నెలలు చేలో ఉంటాయి. ఇంకో తీత వస్తుందనే ఆశతో నీరున్నచోట మార్చి, ఏప్రిల్ దాకా ఉంచారు. చలి ముదిరే వేళకు చేను లేకుండా చేస్తే పురుగు ఆకలితో పోవలసినది. దానికి ఏడాది పొడుగునా భోజనం పెట్టాము. కట్టె పీకి గట్టున కుప్ప వేస్తే అందులోని ఎండుకాయలలో పురుగు నిద్రపోయి ఉంటుంది. రెండు గింజలను దారంతో అతికించుకుని మధ్యలో పడుకుంటుంది. జంట గింజ అంటారు. జిన్నింగు మిల్లులో గింజల గుట్టల్లోనూ ఇదే. తొలకరికి రెక్కలతో లేస్తుంది.

మరి మెత్తని పురుగులు మిగలాలనే ఉపాయం ఎవరికీ తట్టలేదా? తట్టింది. 2002 నాటి అనుమతి షరతులలోనే ఉన్నది. బీటీ చేను చుట్టూ అయిదు సాళ్ళు గాని, భూమిలో అయిదో వంతు గాని, ఏది ఎక్కువైతే అంత, బీటీ లేని పత్తి వేయాలి. దానికోసం ప్రతి 450 గ్రాముల పొట్లంతో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఉచితంగా ఇచ్చేవారు. కొన్నింటిలో కందులు కూడా ఇచ్చారు. కంది శనగపచ్చ పురుగుకు పనికివస్తుంది గాని గులాబీ పురుగు కంది తినదు.

ఆ చిన్న పొట్లం గురించి మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2005 తరువాత కొంతకాలం మేము పత్తి ప్రాంతంలో పనిచేశాము. అక్కడ ఒక సంఘం ఎరువులతో పాటు విత్తనాలు కూడా అమ్మేది. తనిఖీకి వెళితే గోదాము మూల చిన్న పొట్లాలు గుట్టగా పడి ఉండేవి. రైతులు పెద్ద పొట్లం తీసుకుని ఇది వద్దని వదిలివేసేవారు. "పురుగు పట్టే పత్తి నా చేలో నేనెందుకు వేసుకుంటాను, నాకేమైనా పిచ్చా?" అని ఒక పెద్దాయన మమ్మల్నే అడిగాడు. ఆయన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. మేము సహకార డిప్లొమా చదువుకున్నవారము, పంటల శాస్త్రం మాకు రాదు అనుకుని ఊరుకున్నాము. స్టాకు రిజిస్టరులో పెద్ద పొట్లాల లెక్క సరిపోయింది. చిన్నవాటికి ధర లేదు కనుక లెక్కే లేదు. సంతకం పెట్టి వచ్చేశాము. ధర లేని సరుకును రిజిస్టరులో రాయకపోవటం మా ఉద్యోగానికి అలవాటు. ఆ గుట్ట మాత్రం ఈ మధ్య మాకు పదే పదే గుర్తుకు వస్తున్నది.

ఆ పెద్దాయనకు ఇప్పుడైతే ఇలా చెబుదుము. అయ్యా, మీ చేలో ఆ అయిదు సాళ్ళు ఊరుమ్మడి ఆంబోతు వంటివి. దాని మేత ఎవరికీ లాభం కాదు, అది లేకపోతే ఊళ్ళో మందకు నష్టం. ఒక్కడు వేసి మిగతావాళ్ళు వేయకపోతే ఆ ఒక్కడు నష్టపోతాడు. అందరూ వేయాలంటే సంఘం ఉండాలి. విత్తన కంపెనీతో అయ్యేది కాదు, వ్యవసాయశాఖ సర్క్యులరుతో అయ్యేది కాదు. అప్పట్లో ఈ పని సంఘాలకు ఎవరూ అప్పగించలేదు. ఇప్పుడు పొట్లంలోనే బీటీ లేని గింజలు కొన్ని కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. రైతు పారవేయటానికి వీలు లేకుండా. ముందే చేసి ఉంటే బాగుండేది.

ఇది చేసి నెగ్గినవారు ఉన్నారు. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో రైతులు మొదటినుంచి బీటీ లేని పత్తిని వంతు ప్రకారం వేశారు. తరువాత గొడ్డు రెక్కలపురుగులను కోట్ల సంఖ్యలో విడిచిపెట్టారు. 2018లో ఆ దేశపు పత్తిలో గులాబీ పురుగు లేదని వారి ప్రభుత్వం ప్రకటించింది. చైనాలో రైతులు తెలియకుండానే నెగ్గారు. చవకగా వస్తుందని హైబ్రిడ్ రెండో తరం విత్తనం వేసుకున్నారు. అందులో నాలుగో వంతు మొక్కలకు బీటీ ఉండదు. అవే మెత్తని పురుగులకు ఆశ్రయమయ్యాయి. పెరుగుతున్న మొండితనం తగ్గుముఖం పట్టింది. మనకు పక్కనే పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తి, పునాస పత్తి ఉన్నాయి. అవి బీటీ లేని దేశవాళీ రకాలు. ఖద్దరు కోసం వాటిని నిలుపుకున్నవారు తమకు తెలియకుండా ఈ మేలు కూడా కొంత చేస్తున్నారు.

ఇప్పుడు మన పాల క్యానుకు వద్దాము.

గులాబీ పురుగు తొలిచిన కాయలో చిన్న కన్నం పడుతుంది. అందులోనుంచి తేమ, బూజు లోపలికి పోతాయి. పురుగు కొట్టిన కాయలో గింజకు పచ్చబూజు ఎక్కువగా పడుతుందని ఆరిజోనాలోనే గమనించారు. ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషం తయారు చేస్తుంది. అది బీటీ విషం వంటిది కాదు. గేదె కడుపులో పూర్తిగా పోదు. కాలేయంలో రూపు మారి పాలలోకి వస్తుంది. కాచినా పోదు. పాలలో దీనికి ప్రభుత్వం పెట్టిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము. హద్దు దాటితే ఆ పాలు అమ్మకూడదు. మన సెంటరులో వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాము గాని ఇది అక్కడి పరికరాలతో తెలియదు. పైన డెయిరీ ప్రయోగశాలలోనే తెలుస్తుంది. ఒక ఇంటి చెక్క చెడితే ట్యాంకరులో అందరి పాలూ కలిసే ఉంటాయి.

కనుక చెక్క కొనేటప్పుడు చవకగా వచ్చిందని నల్లబడినది, ఉండలు కట్టినది, ముక్క వాసన వేసేది తీసుకోవద్దు. విరిచి చూడండి, లోపల పచ్చగా బూడిదగా కనబడితే వెనక్కి ఇవ్వండి. కొన్న బస్తాను నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. చెక్కలు పరచి వాటి మీద పెట్టండి. వానాకాలంలో రెండు మూడు నెలల నిల్వ పెట్టవద్దు. పత్తిచెక్కలో సహజంగానే గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. పెద్ద పశువు తట్టుకుంటుంది, పాలు తాగే దూడ తట్టుకోదు. దూడలకు వేరుశనగ చెక్క, నువ్వుల చెక్క మంచిది, అవి కూడా బూజు లేనివి. ఒక్కొక్కరు బస్తా చొప్పున కొంటే మిల్లువాడు ఇచ్చిందే సరుకు. సంఘం తరఫున ఒక్కసారి లోడు కొని, దించుకునేముందు నమూనా పరీక్షకు పంపి, బాగుంటేనే డబ్బు చెల్లించే ఏర్పాటు చేసుకోవచ్చును. తీర్మానం నమూనా మేము తెచ్చాము, కార్యదర్శిగారి వద్ద ఉన్నది.

పత్తి వేసుకున్న సభ్యులకు నాలుగు మాటలు. తొలకరి వానలకు ఊరంతా దగ్గర దగ్గర తేదీలలో విత్తండి. తక్కువ కాలం పంటకు వచ్చే రకం చూడండి. పూత మొదలైనప్పటినుంచి ఎకరాకు రెండు మూడు లింగాకర్షక బుట్టలు కట్టండి. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కలపురుగుల చొప్పున మూడు రోజులు వరుసగా పడితే అప్పుడు మందు సంగతి ఆలోచించాలి. విచ్చుకోకుండా గులాబి మొగ్గలా ముడుచుకున్న గుడ్డిపూలు కనబడితే ఏరి కాల్చండి, లోపల పురుగు ఉంటుంది. ఇరవై కాయలు కోసి చూసి రెండింటిలో పురుగు ఉంటే హద్దు దాటినట్లే. గుడ్డు పగిలిన కొద్ది గంటలలోనే పిల్ల కాయలో దూరుతుంది. దూరిన తరువాత పైన ఎంత మందు పోసినా మందుల కొట్టువాడికే లాభం. మన సభ్యుని పాల బిల్లు పోయినది అలాగే. డిసెంబరు, జనవరి నాటికి పంట ముగించండి. కట్టె కుప్ప వేయవద్దు, ముక్కలు చేసి భూమిలో కలిపివేయండి. బిల్లు లేకుండా సంచిలో అమ్మే పేరులేని విత్తనం కొనవద్దు. 2017లో అనుమతి లేని పత్తి మన రాష్ట్రంలో బయటపడింది. దానికి ఎవరి పూచీ ఉండదు.

మొక్కజొన్న పచ్చిమేతకు వేసేవారు కూడా వినాలి. 2018లో మన దేశానికి కత్తెర పురుగు వచ్చింది, మన జిల్లా మొక్కజొన్ననూ తిన్నది. మన దేశంలో బీటీ మొక్కజొన్నకు అనుమతి లేదు. ఉన్నచోట్ల ఏమైందో తెలిస్తే మంచిది. ప్యూర్టోరికో అనే ద్వీపంలో బీటీ మొక్కజొన్న వేసిన కొద్ది సంవత్సరాలకే, 2006 నాటికి, ఈ కత్తెర పురుగు దానికి లొంగటం మానేసింది. ఎవరైనా "పురుగు పట్టని మొక్కజొన్న" అని సంచి పట్టుకుని వస్తే అడగవలసిన మొదటి ప్రశ్న, పక్కన బీటీ లేనిది ఎంత వేయాలి అని.

చివరగా, ముందు వరసలో కూర్చున్న అమ్మగారు ఇందాక లేచి అడిగారు, "ఏరేసిన పత్తి సేనోకి మా గొడ్లని, మేకల్ని తోలుకోమంటన్నారు బాబూ, తోలొచ్చా?" అని. తోలవచ్చునమ్మా. ఆఖరు తీత అయిన తరువాత మిగిలిన పచ్చికాయలు, ఆకు పశువులు, మేకలు తినివేస్తే లోపలి పురుగు కూడా పోతుంది. శాస్త్రజ్ఞులు చెప్పే మాటే అది, చేనువాడికీ మేలే. కాని 2006లో వరంగల్ జిల్లాలో పత్తి చేలలో మేసిన గొర్రెలు చనిపోయాయని పత్రికలలో వచ్చింది. విత్తనమే కారణమని కొందరన్నారు, అనుమతులిచ్చే కమిటీ ఆ మరణాలను విత్తనానికి ఆపాదించలేమన్నది. ఆ వాదం ఎటు పోయినా, మందు కొట్టిన చేను మందు కొట్టిన చేనే. తోలేముందు ఆ రైతును అడగండి, చివరి మందు ఏ తేదీన కొట్టాడు, ఏ మందు కొట్టాడు అని. డబ్బా చూపించమనండి. దాని మీద రాసిన గడువు పశువుల డాక్టరుగారి చేత చదివించుకుని, అది దాటిన తరువాతే తోలండి. కడుపుతో ఉన్న పడ్డలను, చిన్న దూడలను మాత్రం ఇంటి దగ్గరే ఉంచండి.